వంతెన కింద ఎరుపు

"ఎరుపు కనిపించిందో, రైలు పోయినట్టే," అన్నాడు చీఫ్, మ్యాప్ మీద వేలు పెట్టి. "రేడియో వాడితే మనం వింటామని ఆ విదేశీ ముఠాకి తెలుసు. అందుకే సిగ్నల్ అద్దకం ఫ్యాక్టరీ కాలువలో వస్తుంది. ఎర్రనీళ్లు వంతెన దగ్గరికి రాగానే, అక్కడ దాక్కున్నవాడు బాంబు బటన్ నొక్కుతాడు."

"రైలు ఆపేద్దాం సార్."

"ఆపితే వాడు జారుకుంటాడు. రేపు ఇంకో రైలు. ఫ్యాక్టరీలో నువ్వు పెట్టిన ఫిల్టర్ పనిచేసి ఎరుపు రాకపోతే మాత్రం, ఏమైందోనని వాడే బయటికొచ్చి కాలువలోకి తొంగిచూస్తాడు. అక్కడ మనవాళ్లుంటారు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇంకోటి. ఆ రైలు నడిపేది మీ అన్నయ్య."

ఏజెంట్ ఎలెవెన్ ఆ రైలు టైమ్ చేతి మీద రాసుకున్నాడు.

మర్నాడు ఉదయం తొమ్మిది నలభైకి అతను ల్యాబ్ అసిస్టెంట్ వేషంలో, పెట్టుడు మీసంతో, ఫ్యాక్టరీ వెనక ట్యాంకు దగ్గరున్నాడు. వంతెన గోడ అవతలే. ట్యాంకు నిండా వేరుశనగ పొట్టు కాల్చి చేసిన బొగ్గు. నీళ్లలోని రంగును పట్టేసుకునే కారుచౌక ఫిల్టర్. ఫ్యాక్టరీవాళ్లకి ట్రయల్ అని చెప్పి మూడు వారాలు కష్టపడి సిద్ధం చేశాడు.

పైపు గురగురలాడింది. ఎరుపు దూకింది. అతను అడుగునున్న కుళాయి తిప్పి గ్లాసులో పట్టి చూశాడు. ఎరుపే! నిన్న నీలాన్ని చక్కగా పట్టిన బొగ్గు ఇవాళ మొండికేసింది. ట్యాంకు నిండటానికి జానెడే ఉంది. పొర్లితే అంతా కాలువలోకే.

వీపుకి పిస్తోలు తగిలింది. వెంటే ఖరీదైన సెంటు వాసన. ముఠా తరఫు కలర్ డిజైనర్, అందరూ 'మేడమ్' అనే అందగత్తె.

"పొట్టు ఎన్ని నీళ్లు కడిగావ్?"

చీఫ్ చెప్పిన కోడ్! "మూడు నీళ్లు," అన్నాడు.

పిస్తోలు దిగింది. ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ ఈవిడేనన్నమాట.

"మరి ఆసిడ్ ఏదయ్యా? నీలం వేరు, ఈ ఎరుపు వేరు. నీళ్లు పుల్లబడితేగానీ ఇది బొగ్గుకి అంటుకోదు!"

ఇద్దరూ అద్దకానికి వాడే ఆసిడ్ డబ్బాలు ఒంపేశారు. అతను గెడకర్రతో కలియబెట్టాడు. మొదటి గ్లాసు గులాబీ. రెండోది లేత గులాబీ. దూరంగా రైలు కూత. అన్నయ్య! మూడో గ్లాసులోంచి మేడమ్ ముఖం స్పష్టంగా కనిపించింది. అతను కాలువ తలుపు ఎత్తేశాడు. తేటనీళ్లు గోడ కిందుగా పరుగెత్తాయి.

చెవిలోని రేడియో గరగరమంది. "తొంగిచూశాడు. దొరికాడు."

రైలు దడదడమంటూ వంతెన దాటిపోయింది. అతను బొగ్గు బస్తా మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆసిడ్ ఘాటని మేడమ్‌తో అబద్ధమాడాడు.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. "ఏరా, ఇంతకీ నువ్వు చేసే ఉద్యోగమేంట్రా?"

"నీళ్లు కడుగుతున్నా అన్నయ్యా."

"దానికి జీతం కూడానా!"