సిలువకి కొత్త వేళ్లు

పొద్దున్నే మంచం మీద లేచి కూర్చున్న అత్తగారు, కొయ్య సిలువని ఒళ్లో పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"ఇది మనది కాదు. నా సిలువ ఏం చేశారో చెప్పండి."

"మనదే అత్తయ్యా! ఎన్నిసార్లు చెప్పాలి? మీ అబ్బాయి బాగుచేశాడు, అంతే" అంది కోడలు, పనికి టైమైపోతుంటే గబగబా జుట్టు ముడేసుకుంటూ.

"కళ్లు పోయాయి గానీ చేతులు పోలేదే అమ్మాయ్."

ఆ సిలువ ఆవిడ భర్తకి తాత చెక్కింది. దాని మీది ప్రభువు బొమ్మ ఒళ్లంతా పాత దూలం ముక్క ఒక్కటే. చేతులు కూడా అందులోనే తీస్తే చెక్క పొరకి అడ్డంపడి విరుగుతాయని, వాటిని విడిగా చెక్కి భుజాల దగ్గర బిగించాడు. పాదాలు పక్కపక్కనే, దేని మేకు దానికే. ఇంట్లో వాళ్లు పొద్దున్నే ఆ పాదాలు తడిమాకే గడప దాటేవాళ్లు. తడిమి తడిమి వేళ్లన్నీ అరిగి, అవి సబ్బు ముక్కల్లా నున్నబడ్డాయి.

కొడుకూ వడ్రంగే. అమ్మ సంబరపడుతుందని, పాత చెక్కకి ఉలి తగలకుండా, పది వేళ్లూ కొత్తగా చెక్కి అతికించాడు.

కేకలు విని షెడ్డులోంచి వచ్చాడు. "ఏంటమ్మా ఈ గోల? నడుం పడిపోయేలా కూర్చుని చేశాను. గోళ్లతో సహా చెక్కాను, చూశావా?"

"చూడ్డానికి కళ్లేవిరా?"

"అయితే నేను అమ్ముకు తిన్నానా?"

"ఆ మాట నేనన్లేదు, నువ్వే అన్నావు."

కోడలు తల పట్టుకుంది. "ఆ కొయ్య నయం మీ ఇద్దరికన్నా! కొంచెమైనా వంగుతుంది."

కొడుక్కి ఒళ్లు మండిపోయింది. తల్లి చెయ్యి పట్టుకుని సిలువ మీది బొమ్మ వీపు వెనక్కి దూర్చాడు. "చెక్క బీటలివ్వకుండా ముత్తాత తొలిచిన గుంట ఇది. ఈ ఉలి గాట్లు ఇంకెవరివి? చెప్పు!"

ఆవిడ చాలాసేపు తడిమింది. గొంతు దిగిపోయింది.

"మనదే. మరి మీ నాన్న బొటనవేలు పెట్టే పల్లం ఏదిరా? ఆయన చనిపోయిన రోజు పొద్దున కూడా అక్కడే పెట్టాడు. నేనూ రోజూ అక్కడే పెడతాను."

లోపం అనుకుని తను కప్పేసింది ఏమిటో కొడుక్కి అప్పటికి తెలిసింది. కళ్లు తుడుచుకుని వేడినీళ్లు తెచ్చాడు. తడిగుడ్డ పెట్టి నానబెడితే జిగురు మెత్తబడి, కుడి పాదం వేళ్లు ఊడొచ్చాయి. ఆవిడ బయటపడ్డ పల్లంలో బొటనవేలు ఆనించి, గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

అతను ఎడమ పాదం మీద గుడ్డ వెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.

"అది ఉండనీ."

"మళ్లీ ఇదేంటమ్మా? పొద్దుట్నుంచీ ఇందుకేగా నా ప్రాణం తీశావు!"

"నా కొడుకు చెక్కినవి కదరా. వాటిని నేను అరగదీస్తాలే."