శీనమ్మ కొలత డబ్బా

బియ్యం డ్రమ్ములోంచి డబ్బా పైకెత్తి శీనమ్మ బిత్తరపోయింది. డబ్బా అడుగున చుట్టూ బొక్కలు. వాటిలోంచి బియ్యం ధారలు కట్టి నేల మీదికి దూకుతున్నాయి.

"హర్షితా! నా డబ్బాని జల్లెడ చేసినోడు ఎవుడే?"

మనవరాలు నాలుక్కరుచుకుంది. చేసినవాడు మిద్దె మీది గదిలో అద్దెకుండే పెంచలప్రసాద్. ఆత్మకూరులో బైకుల షోరూంలో ఉద్యోగం, ఆదివారమైతే సొంతూరు ఉదయగిరి పోయి కోట కొండెక్కడం. కొండ మీద టీ కాయడానికి పొయ్యి చేసుకుంటాను, ఖాళీ డబ్బా ఉందా అని పొద్దున అడిగితే, ఫోన్లోంచి తలెత్తకుండా "వంటింట్లో చూసుకోండి" అన్నది తనే.

తనతో మాట్లాడటానికే అతను రోజుకో సాకుతో కిందికి దిగుతాడని ఆమెకు తెలుసు. తెలిసే తలెత్తలేదు. అది వేరే సంగతి.

కేక విని ప్రసాద్ నవ్వుతూ మెట్లు దిగాడు. "బాగుండాదా అవ్వా? తడి ఇసుక నింపి మేకు కొట్టినాను, ఒక్క నొక్కు పడలేదు. రేపు తీసుకుపోదామని తీసిన చోటే పెట్టినా."

తీసిన చోటే పెట్టినందుకు మెచ్చుకుంటారనుకున్నాడు పాపం.

"నా పెద్దకొడుకు తాగిన పాలపొడి డబ్బారా అది! అప్పట్నించీ ఈ ఇంటికి అదే కొలత. పూటకు రెండు డబ్బాలు పోస్తే మెతుకు మిగల్దు, మెతుకు చాలకపోదు. అట్టాంటి డబ్బా తెచ్చియ్యి, లేకుంటే గది ఖాళీ చెయ్యి. వారం టైము!"

ఖాళీ చేస్తే? హర్షిత ఆ డబ్బా పట్టుకుని అతని వెనకే గబగబా మిద్దెక్కింది, తిట్టడానికే.

"అన్ని డబ్బాల్లో అదే దొరికిందా మీకు?"

"తోమి తోమి రంగంతా పోయుండాది. రంగు డబ్బా అయితే మంటకు ఘాటు కొడతాది. ఖాళీగా ఉంటే..."

"మా ఇంట్లో ఖాళీ డబ్బా అనేది ఉండదండీ. అన్నిటికీ ఏదో ఒక పనుంటుంది. మీకే లేనట్టుంది."

కనీసం పొయ్యన్నా బాగుందనిపిద్దామని అతను డబ్బాలో పుల్లలేసి ముట్టించాడు. దర్జాగా పైన గిన్నె పెట్టాడు. మంట చచ్చి పొగ లేచింది. ఇద్దరికీ కళ్ళనీళ్ళు.

"గిన్నెతో మూత వేసేస్తే పొగెట్టా పోతుంది? పై అంచు కింద బొక్కలుండొద్దా? ఇటివ్వండి మేకు."

డబ్బా చల్లారాక అతను రెండు చేతులా పట్టుకున్నాడు, ఆమె సుత్తి ఎత్తింది. ఒక దెబ్బ అతని బొటనవేలి మీద పడింది.

"అయ్యో, సారీ!"

"పర్లేదండీ. ఇంకోటి కొట్టినా పర్లేదు."

ఈసారి మంట బొక్కల్లోంచి నాలుకలు చాపింది. టీ పొంగే వేళకు సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ పొయ్యి దగ్గర్నించి లేవలేదు.

"నాకీ గది వదిలిపోవాలని లేదు హర్షిత గారూ."

"గాలి బాగా వస్తుందనా?"

"మీరుండారని."

ఆమె గ్లాసు అందించింది. "వాన పడి పలచనవుతుంది, తొందరగా తాగండి." ఆ గ్లాసు మాత్రం తొందరగా వదల్లేదు.

పాత సామాన్ల అంగళ్ళన్నీ గాలించి ప్రసాద్ గడువులోపే ఒక డబ్బా తెచ్చాడు. చూడటానికి అచ్చం అదే. శీనమ్మ తిప్పి తిప్పి చూసి, మూలిగి, తీసుకుంది.

ఆ పూట అన్నం మిగిలింది. మర్నాడూ మిగిలింది. రోజూ సరిగ్గా ఒక మనిషి తినేంత.

"వీడు తెచ్చింది పెద్ద డబ్బానే!" అంది శీనమ్మ గిన్నెలోకి తొంగిచూస్తూ.

హర్షిత గబుక్కున గిన్నె మీద మూత పెట్టేసింది. ఇక గది ఖాళీ చెయ్యమంటుంది. "అయితే ఏముందవ్వా, కాస్త వెలితిగా పోస్తే సరి."

"వెలితి డబ్బా పోసే ఇల్లు కాదే ఇది!" శీనమ్మ కసిరింది. కాసేపు మనవరాలి మొహంలోకి చూసింది. ఆ తర్వాత మిద్దె మెట్లవైపు చూసింది.

"తెచ్చినోణ్ణే వచ్చి తినమను."

హర్షిత అప్పటికే మెట్ల మీదుంది.

"ఆగవే! ఉదయగిరి నుంచి వాళ్ళమ్మనీ నాయననీ కూడా ఒకసారి రమ్మన్నానని చెప్పు. ఆ పూట మూడు డబ్బాలు పోస్తా."