క్రేన్ కింద తమ్ముడు

"మావా! మావా! ఏటైపోనాది నీకు?... కళ్ళు తెరు మావా!"

సీతాలు కేక బయట సముద్రంలోకి పడవలు దింపుతున్న మగవాళ్ళ అరుపుల్లో కలిసిపోయింది. జాలరిపేటలో అప్పుడే తెల్లారింది. టీ గ్లాసు చేతిలో ఉండగానే భర్త కన్నబాబు నేల మీద విరుచుకుపడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోటి వెంట నురగ! అతన్ని పక్కకు ఒత్తిగిలించి, తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి కళ్ళు తెరిచాడు. తెరవగానే అతను అన్న మాట ఒక్కటే...

"ఎవులికీ సెప్పకు. నా మీద ఒట్టు! రేపు యార్డులో డాక్టర్లు డ్రైవర్లందర్నీ సూత్తారంట. ఇది తెలిత్తే నన్నింక క్రేనెక్కనీరు."

"ఇది రెండోసారి మావా! పైనుండగా వత్తే?..."

"ఎప్పుడో ఓపాలి వత్తాది, పోతాది. అడిగితే ఏటీ లేదంటాను. నువ్వు నోరు మూసుకో!"

కన్నబాబు హార్బరు దగ్గర ఓ కాంట్రాక్టరు యార్డులో క్రేన్ డ్రైవరు. చేపల వేట తప్ప మరో పని ఎరగని ఇంట్లో యంత్రమెక్కిన మొదటి మనిషి. ఆ సీటంటే అతనికి ప్రాణం. కానీ ఆ క్రేన్ కింద నిలబడి ఇనుప దూలాలకు గొలుసులు తగిలించే కలాసీ ఎవరు? పైడయ్య... తల్లి పోయాక సీతాలు తన చేతులతో పెంచిన తమ్ముడు!

మర్నాడు ఆమె చేపల గంప ఎత్తుకుని పూర్ణా మార్కెట్‌కు బయల్దేరింది. కానీ కాళ్ళు అటు నడవలేదు. కళ్ళ ముందు ఒకటే దృశ్యం... పైన భర్త చేతులు కొయ్యబారిపోవడం, కింద తమ్ముడు తలెత్తి చూడడం! యార్డు గేటు పక్కన పరీక్షలకు వేసిన టెంటులోకి వెళ్ళి డాక్టరమ్మ ముందు బావురుమంది.

"మా మావ ఏటీ లేదంటాడమ్మా... నమ్మకండి! ఆడికి ఫిట్సొత్తన్నాయి!"

ఆ సాయంత్రం ఇల్లు నరకమైంది. "నా నోటికాడి కూడు తన్నేసినావు గదే!" అని కన్నబాబు కంచం విసిరికొట్టాడు. "మొగుణ్ణి పదిమందిలో నిలబెట్టినావు, నువ్వేటి ఆడదానివే!" అని అత్త గుండెలు బాదుకుంది. అన్నీ భరించింది సీతాలు. భరించలేనిది మాత్రం అక్కను అప్పా అని పిలిచే పైడయ్య మాట.

"బావ మొకం సూళ్ళేకపోతన్నానే అప్పా! నీకెందుకే ఈ పని?"

ఎవరి కోసం చేసిందో వాడే అలా అడిగాడు!... కొంగు నోట్లో కుక్కుకుంది.

కన్నబాబును క్రేన్ నుంచి దింపి, కొత్తగా చేరిన కలాసీలకు, పాత కలాసీలకు, కింది నుంచి డ్రైవరుకు చూపే చేతి సైగలు నేర్పే పనిలో పెట్టారు. ఎలాంటి బరువుకు ఎలాంటి గొలుసు, బరువు కదులుతుంటే ఎక్కడ నిలబడాలి, పక్కవాడు కూలబడితే ఏం చేయాలి... అన్నీ అక్కడే నేర్పేవారు. అతనికది అవమానం. భార్యతో మాటల్లేవు. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు ముట్టలేదు. సీతాలు రోజూ వీధిలోకి చెవులొగ్గి, ఏ కబురు వినాల్సి వస్తుందోనని బిక్కుబిక్కుమంటూ గడిపేది.

ఓ మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగింది. పైడయ్య భుజం ఆసరాతో కన్నబాబు దిగాడు. సీతాలు గుమ్మం దిగి పరుగెత్తింది!

"సైగ సూపిత్తూ పడిపోనాడే అప్పా! ఇసకలో పడ్డాడు, దెబ్బేటీ తగల్లేదు. మాకు నేర్పినట్టే పక్కకి తిప్పి పట్టుకున్నాను."

కన్నబాబు అరుగు మీద కూలబడ్డాడు. పైడయ్య ముఖం వైపే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"కళ్ళు తెరిసీతలికి ఈడి ఒళ్ళో వున్నాను సీతాలూ... ఎదర క్రేన్‌కి దూలం ఏలాడతంది. ఆ సీట్లో నానే వుంటే ఈడేటైపోను?... నువ్వు నన్ను సంపేసినావనుకున్నాను. నా సేత ఈడ్ని సంపించకుండా ఆపినావే తల్లీ!... ఆ మాత్రలెక్కడెట్టినావు? ఇలాగ తే."

సీతాలు లోపలికి పరుగెత్తింది. మాత్రా, నీళ్ళూ తెచ్చి అందించింది. అంతలో పైడయ్య గోడకు చేరగిలబడి తల దించుకున్నాడు.

"అప్పా... నాకూ ఓ లోపముంది. నా ఎడం సెవి ఇనబడదు. క్రేన్ హారను అటేపునించొత్తే నాకు తెల్దు. కలాసీలకి డాక్టరు పరీచ్చలు ఇయ్యాలే మొదలెట్టినారు. బావ నెపం సెప్పి తప్పించుకొచ్చేసినాను."

సీతాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకడికి స్పృహ ఉండదు, ఒకడికి వినబడదు... ఇన్నాళ్ళూ ఆ ఇనుము పైనా కిందా తన ఇద్దరు మనుషులూ అలా బతికారా!

కన్నబాబు గోడ పట్టుకుని లేచాడు.

"సొక్కా సరిసేసుకో. డాక్టరమ్మ ఇంకా వుంటాది. పద."

"మావా, నీరసంగా వున్నావు... ఆడొక్కడూ ఎల్తాడులే!"

"ఒక్కడే ఎల్తే గేటుకాడినించి తిరిగొచ్చేత్తాడే. నాకు తెల్దేటి?"

సీతాలు గుమ్మంలో నిలబడిపోయింది. ఇద్దరూ వీధి మలుపు దాకా వెళ్ళారు. అక్కడ కన్నబాబు ఏదో అన్నాడు, పైడయ్య పలకలేదు. కన్నబాబు ఆగి, వెనకనుంచి చుట్టూ తిరిగి, బావమరిది కుడి పక్కకు వచ్చి, మళ్ళీ మాట్లాడుతూ నడిచాడు.