మబ్బు మీద మెలికముగ్గు

ఆ రోజు మూడో వార్డుకు వాన నాలుగు గంటల పది నిమిషాలకు. వాన ఎప్పుడు, ఎక్కడ పడాలో మేఘపాలన కేంద్రమే నిర్ణయిస్తున్న రోజులవి. వేళకు ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పోవడమే తప్ప, కదిరి జనం తలెత్తి ఆకాశం చూసి ఏళ్లయింది. ఆ వార్డు వాన కోసం రెండు తాటిచెట్ల ఎత్తుకు దించి ఆపిన మబ్బుతో ఓబులమ్మ ఇవాళ ముగ్గు వేయబోతోంది.

అరవై రెండేళ్ల మనిషి. ఒకప్పుడు ఇరవై ఒక్క చుక్కల మెలికముగ్గును చెయ్యెత్తకుండా తిప్పేది. పన్నెండేళ్ల కిందట ఊరంతా శుభ్రనేలలు పరిచారు. దుమ్ము కనబడితే మింగేసే నేలలవి. వాటికి ముగ్గుపిండీ దుమ్మే. ఓబులమ్మ పంతం పట్టి మూడు రోజులు వేసింది, నేల మూడు రోజులూ మింగింది. అంత తెలివైన నేలకు ఆ మాత్రం సొగసు తెలియకపోవడమేమిటో! అప్పటినుంచీ ఆమె చేతులు ఖాళీ.

"పెద్దమ్మా, తొడుగులు వేసుకోండి," అంది షమీమ్, వార్డంతా కనిపించే మేడగది కిటికీ దగ్గర. ఆమె కేంద్రంలో మబ్బుకాపరి. పై అధికారులతో పోట్లాడి ఈ ఒక్క అవకాశం తెచ్చింది. ఆవిరితొడుగులు వేసుకుని గాలిలో వేలు కదిపితే, పైన మబ్బు ఆ దారినే సాగుతుంది. ముగ్గు కుదిరితే వారం వారం వేయనిస్తారు. చెడితే ఇంతే సంగతులు.

"దీన్నెట్ల పట్టుకునేది పాపా? పిండయితే వేళ్లకు తగుల్తాది. ఇది వట్టి గాలి."

"పోనీ, మానేద్దామా?"

"మానేసేదానికా ఇంత దూరం వచ్చింది? ఊరుకో."

మొదటి మెలిక వంకరపోయింది. రెండోది వీధి దాటి పక్క వార్డులోకి జారింది. "కొత్తగా నేర్చుకునేటోళ్లను చూసి ఎంత నవ్వేదాన్నో! నాకు బాగా అయ్యింది," అని తనను తానే తిట్టుకుంది. కళ్లు మూసుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి చెయ్యి దారి పట్టింది. ఇంటికో మెలిక చొప్పున ఆరు వీధులు నిండాయి. ఆమె ముఖంలో పన్నెండేళ్లుగా లేని సంతోషం కనిపించింది.

ఏడో వీధి మొదట్లో ఆమె చెయ్యి ఠక్కున ఆగిపోయింది.

"పాపా, ఈ ఇండ్లల్లో యాడన్నా సావు జరిగిందా?"

షమీమ్‌కు అర్థం కాలేదు.

"సావింటి ముందర ముగ్గెయ్యరు. దినాలు అయిపోయేదాకా ఎయ్యకూడదు. నా వాకిట్లో ఏసుకుంటున్నట్టు మొదలుపెట్టినా. నూరిండ్ల మీద ఏస్తా ఒక్క మాట అడగకపోతినే, ఎంత తప్పు!"

ఎవరింట్లో ఎవరు పోయారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. తలుపులు వేసుకుంటే వేసుకున్నట్టే. షమీమ్ ఇంటింటికీ మనుషుల లెక్కన నీళ్లు పంచే జాబితా వెతికింది. ఏడో వీధి చివరింట్లో సుంకన్న అనే పేరును, చనిపోయాడని, యంత్రం నిన్న తనంతట తానే తీసేసింది. భార్య లచ్చుమక్క పేరొక్కటే మిగిలింది.

"ఆ ఇల్లు వదిలేస్తా," అంది ఓబులమ్మ.

"గీత తెగితే మబ్బు చెదిరిపోతుంది పెద్దమ్మా! అధికారులు చూస్తున్నారు. మిమ్మల్ని మళ్లీ రానివ్వరు."

"రానీకపోతే పోనీ. సావింటి మీద మాత్రం ఎయ్యను."

గీతను సుంకన్న ఇంటి అంచున ఆపేసింది. తెగిన కొస నుంచి ఆవిరి పొగలా జారిపోసాగింది. ఓబులమ్మ పళ్లు బిగించి, జారినదాన్ని జారినట్టే రెండు చేతులా వెనక్కి పోగుచేసి అవతలి వీధి మొదటి ఇంటి దగ్గర మళ్లీ అందుకుంది. నాలుగూ పదికి ముగ్గు నిలిచింది. నూరిళ్ల మీద తెల్లటి మెలికలు, ఒక్క ఇంటి మీద మాత్రం ఉత్త ఆకాశం.

బట్టల కోసం బయటికొచ్చిన ఎవరో తలెత్తి చూశారు. కేకేసి పక్కింటివాళ్లను పిలిచారు. వీధులు నిండాయి. ఆ ఖాళీ ఏమిటో ముసలివాళ్లకు ముందుగా తెలిసింది.

వాన వెలిసినా అధికారి గొంతు మేడగదిలో కోపంగా మోగుతూనే ఉంది. ఓబులమ్మ తొడుగులు తీసి షమీమ్ చేతిలో పెట్టి, ఏడో వీధికి నడిచింది. చివరింటి గుమ్మం ముందు ముప్పై జతల తడి చెప్పులున్నాయి.

లోపల లచ్చుమక్క గోడకానుకుని కూర్చుంది. నిన్నటినుంచీ ఆమె కంట చుక్క రాలేదు.

"నేనెవురికీ చెప్పల్యా," అంది, గది నిండిన మనుషులను చూస్తూ. "మీకెట్ల తెలిసె?"

ఎదురింటి ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. పదేళ్లుగా ఎదురెదురు ఇళ్లు, మాట్లాడుకోవడం ఇదే మొదలు.

"మీ ఇంటి మీద ముగ్గు ల్యాకపాయె గదమ్మా," అంది.

లచ్చుమక్క అప్పుడు బావురుమంది.