మావయ్య చేతికి మైనం

"ఆ చేతిని ఏం చేశారు?"

వెనకనుంచి వచ్చిన ఆ గొంతుకి మనవాడు స్టూలు మీద తూలి, చేతిలోని బ్రష్ వదిలేసి, కంచు విగ్రహం భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పార్కులో పొద్దున్నే పలకరించేవాళ్ళు అతనికి కొత్త కాదు. "ఇది నిజంగా కంచేనా?" అనేవాళ్ళు, "మా తాతగారిది కూడా ఒకటి పెట్టించాలంటే ఎవర్ని అడగాలి?" అనేవాళ్ళు రోజూ తగులుతారు. ఇలా దొంగని నిలదీసినట్టు అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకు లేరు.

తిరిగి చూశాడు. ఒక అమ్మాయి. తెల్లకోటు, మెడలో ఐడీ కార్డు, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్. కళ్ళల్లో మైనం కరగడానికి సరిపోయేంత మంట.

"బాగుచేశానండీ," అన్నాడు కాస్త గర్వంగానే.

"బాగుచేశారా? బంగారంలా మెరిసే చెయ్యి! మాడ్చి మసి చేసి పెట్టారు!"

"అది మెరుపు కాదండీ, దెబ్బ. పైనున్న రంగు పొర పోయి లోపలి లోహం బయటపడితే అలా మెరుస్తుంది. మోకాలు దోక్కుపోతే లోపల ఎర్రగా కనిపించదూ, అలాగన్నమాట."

"మోకాళ్ళ గురించి నాకు చెప్పకండి. నేను ఫిజియోథెరపిస్ట్‌ని!"

మనవాడు స్టూలు దిగి, కిందపడ్డ బ్రష్ వెతుక్కున్నాడు.

పాపం, అతని పని విగ్రహాలు శుభ్రం చెయ్యడం. నగరంలోని ఈ పేటకి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. పార్కు రెండో చివర గుర్రం మీద కత్తి ఎత్తి కూర్చున్న పెద్దమనిషి, లైబ్రరీ ముందు పుస్తకం పట్టుకున్న పాలరాతి పంతులుగారు, మిల్లు కార్మికుల గుర్తుగా కట్టిన గడియారం స్తంభం, అన్నీ అతని లెక్కలోవే. ఒక్కొక్కదాన్నీ సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, కంచువాటికి వేడి చేసి మైనం పట్టిస్తాడు. మనుషులకంటే విగ్రహాలే నయం, ఎదురు మాట్లాడవు అని అతని నమ్మకం. ఆ నమ్మకానికి ఈ పొద్దున గండి పడింది.

అందరికంటే ఇష్టంగా అతను చేసింది ఈ విగ్రహమే. మోకాళ్ళ మీద వంగి, కిందికి చెయ్యి చాపిన ఫైర్‌మన్. పార్కు ఉన్నచోట ఒకప్పుడు మిల్లు క్వార్టర్లుండేవి. అవి తగలబడిన రోజు ఈయన ఇలాగే ఒక గోడమీద వంగి, లోపలి పిల్లల్ని చెయ్యిచ్చి ఒక్కొక్కర్నీ పైకి లాగాడు. ఇంకెవరైనా ఉన్నారేమోనని మళ్ళీ లోపలికి దిగి తిరిగి రాలేదు. పేటలో అందరూ ఆయన్ని మావయ్య అంటారు. ఆ చాపిన చెయ్యి పట్టుకోని మనిషి లేడు. ఇన్నేళ్ళ తాకిడికి ఒళ్ళంతా నలుపు తిరిగిన గోధుమరంగులో ఉంటే చెయ్యొక్కటే పసుపుపచ్చగా ధగధగలాడేది. మనవాడి కంటికి అది పెద్ద లోపంగా కనిపించింది. రోజుల తరబడి రంగు కుదిర్చి చెయ్యిని ఒంటితో కలిపేశాడు. పక్కన 'దయచేసి విగ్రహాన్ని తాకవద్దు' అని బోర్డు కూడా పాతించాడు.

"మీ పనితనం వల్ల మా నాన్న నడక మానేశారు, తెలుసా?" అంది ఆ అమ్మాయి.

"నేను విగ్రహానికి రంగు పట్టిస్తే మీ నాన్నగారు నడక మానెయ్యడం ఏంటండీ?"

"అదే కదా నా ఏడుపు!"

వాచీ చూసుకుని, రోడ్డు దాటి, పార్కు ఎదురుగా ఉన్న క్లినిక్‌లోకి విసవిసా వెళ్ళిపోయింది. ఆ రోజంతా మనవాడు ఆ క్లినిక్ వైపే చూస్తూ పనిచేశాడు. సగం మైనం విగ్రహానికి, సగం తన బూట్లకి పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. సామాను సంచీ నెత్తిన పెట్టుకుని అతను పార్కు మధ్యలో బ్యాండు వాయించే మంటపంలోకి పరిగెత్తేసరికి, లంచ్ బాక్స్ పట్టుకుని ఆవిడ అప్పటికే అక్కడుంది. వెనక్కి వెళ్దామంటే తడిసిపోతాడు. ముందుకెళ్తే తిట్లు తినాలి. తిట్లే ఎంచుకున్నాడు.

"అలా స్తంభం చాటున నిలబడకండి, నేనేం కరవను," అని ఒక టిష్యూ ఇచ్చింది. "తల తుడుచుకోండి."

"థాంక్సండీ. నిన్న మీరన్నది నాకు అర్థం కాలేదు. మీ నాన్నగారికీ బోర్డుకీ ఏంటి సంబంధం?"

ఆమె నిట్టూర్చింది. "మా నాన్న సిటీ బస్సుల్లో టికెట్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. బోర్డు మీద ఏం రాసుంటే ఆయనకి అదే శాసనం. లిఫ్ట్‌లో నలుగురికే అని రాసుంటే, అయిదో మనిషి ఎంత బక్కగా ఉన్నా సరే, మెట్లెక్కాల్సిందే. ఆ అయిదో మనిషిని ఎప్పుడూ నేనే."

"మంచి పౌరుడండీ."

"ఆ మంచితనమే నా ప్రాణం తోడేస్తోంది. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవాలి. ఈ కొద్ది నెలల్లో నడవకపోతే కీలు బిగుసుకుపోతుంది. తర్వాత నేను కాదు కదా, ఎవరొచ్చినా వంచలేరు. ఇంటి నుంచి మావయ్య దాకా, మావయ్య నుంచి ఇంటికి, ఇదే ఆయన నడక. వాకర్‌ని తిట్టుకుంటూ అయినా వచ్చేవారు. ఓ రోజు వచ్చి చూస్తే చెయ్యి నల్లగా ఉంది, పక్కన మీ బోర్డు. అటునుంచి అటే ఇంటికెళ్ళిపోయారు. అంతే, మళ్ళీ గుమ్మం దాటలేదు. ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళన్నీ వంచుతాను. మా నాన్న మోకాలు మాత్రం నా కళ్ళముందే బిగుసుకుపోతోంది."

"ఒక విగ్రహం కోసం అంత..."

"ఆ రోజు మావయ్య ఆఖరున పైకి లాగిన పిల్లాడు మా నాన్నే."

మనవాడు టిష్యూ నలిపి జేబులో పెట్టుకున్నాడు. "ఒకటి చూపిస్తాను, వస్తారా?" అన్నాడు.

తుంపరలోనే ఇద్దరూ విగ్రహం దగ్గరికి వెళ్ళారు. అతను వేలి కణుపుతో మావయ్య మణికట్టు మీద తట్టాడు. గట్టి చప్పుడు. బొటనవేలి మీద తట్టాడు. ఖాళీ డబ్బా చప్పుడు.

"పట్టుకుని పట్టుకుని ఇక్కడ రేకులా పలచబడిపోయింది. గోరు పక్కన చూడండి, సూది బెజ్జం. దీంట్లోంచి నీళ్ళు దిగితే లోపలి ఇనప కడ్డీ తుప్పు పడుతుంది. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు వేలు ఊడి మీ నాన్నగారి చేతిలోకే వస్తుంది."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఈ మాట నిన్ననే చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పనిస్తేగా!"

ఆమె మొదటిసారి నవ్వింది. వాన తగ్గిన సంగతి మనవాడికి చాలాసేపటి దాకా తెలియలేదు.

ఆ సాయంత్రమే ఆమె అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది. చిన్న హాలు. వ్యాయామం చేసే పెడల్ మెషిన్ మీద తువ్వాలు ఆరేసి ఉంది. వాకర్‌కి దినపత్రిక వేలాడుతోంది. రెండింటికీ వేరే ఉద్యోగాలు దొరికాయన్నమాట. కిటికీ పక్క కుర్చీలో పెద్దాయన కాలు చాపుకుని కూర్చున్నాడు.

"నువ్వేనా విగ్రహాల మెకానిక్‌వి?"

"నేనే అంకుల్. ఆ బోర్డు గురించి సారీ చెబుదామని..."

"సారీ ఎందుకు? బోర్డు కరెక్టే."

"నాన్నా!" అంది కూతురు.

"నువ్వుండమ్మా. నేను ఆ వేలు చూడలేదనుకున్నావా? బెజ్జం పడింది. పొద్దున లేస్తే వెళ్ళి పట్టుకునేవాణ్ణి. నన్ను చూసి వీధంతా పట్టుకోవడం మొదలుపెట్టారు. పరీక్షలకెళ్ళే పిల్లలు, ఆస్పత్రికెళ్ళే ముసలాళ్ళు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు." పెద్దాయన తన బొటనవేలు నిమురుకున్నాడు. "ఆయన నన్ను బతికించాడు. నేనేమో ఆయన వేలు అరగదీశాను. ఆ బోర్డు చదివాక నాకు సిగ్గేసింది బాబూ. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

కూతురు ఇన్నాళ్ళూ నాన్నకి కోపం వచ్చిందనుకుంది, మొండితనం అనుకుంది. సిగ్గు అని ఆమెకి తట్టనే లేదు. తండ్రి కుర్చీ పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద తల ఆనించింది. మనవాడు చప్పుడు చెయ్యకుండా గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అతను ఆఫీసులో పెద్ద మేడమ్ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఆ తాకవద్దు బోర్డు తీసేద్దామండీ."

"పెట్టించింది నువ్వే కదయ్యా?"

"అవునండీ. బెజ్జం పూడుస్తాను. పైన మైనం దట్టంగా ఉంటే అరిగేది మైనమే, కంచు కాదు. జనం పట్టుకోవచ్చు. వారం వారం మళ్ళీ పట్టిస్తే చాలు."

"వారం వారం ఎవరు పట్టిస్తారు? నీకు ఇప్పటికే పేటనిండా విగ్రహాలున్నాయి."

"నేనే మేడమ్. సోమవారం డ్యూటీకి ముందే వచ్చి చేస్తాను."

పెద్ద మేడమ్ కళ్ళజోడు దించి అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఏదో అయింది నీకు," అని సంతకం పెట్టేసింది.

వేలికి అతుకు పడింది, మైనం పడింది. "ఆ నల్లరంగు కూడా గీకేసి మళ్ళీ మెరిపించొచ్చుగా?" అని అమ్మాయి అడిగింది. "గీకితే మళ్ళీ లోహం పోతుందండీ. రంగు నేను ఎక్కించాను. దించాల్సింది మాత్రం జనమే, మెల్లిగా," అన్నాడు. ఆ మాట ఆమెకి నచ్చింది. నచ్చినట్టు కనబడకుండా మొహం తిప్పుకుంది.

ఆదివారం పొద్దున మనవాడు వాళ్ళింటి తలుపు తట్టాడు. "అంకుల్, పార్కులో కొత్త బోర్డు పెట్టాం. జనం పాటిస్తున్నారో లేదో చూసేవాళ్ళు లేరు. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి రావాలి."

పెద్దాయన కూర్చున్నచోటే నిటారుగా అయ్యాడు. "ఏముంది బోర్డు మీద?"

"వచ్చి చదవాలండీ."

దారి పొడుగునా మూలుగులే. ప్రతి బెంచీ దగ్గరా ఆగాడు, ప్రతి రాయినీ తిట్టాడు. కూతురు వెనకే నడుస్తూ, చెయ్యి సాయం పట్టబోయి ఆగిపోతూ, పెదవి కొరుక్కుంటూ వచ్చింది. చివరికి విగ్రహం దగ్గర వాకర్ ఆగింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు.

"'మావయ్య చెయ్యి పట్టుకోవచ్చు. వేళ్ళు లాగవద్దు.'"

ఇంకోసారి చదివాడు. తర్వాత వాకర్‌ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాపి, మావయ్య అరచేతిని అందుకున్నాడు.

"థాంక్స్ మావయ్యా," అన్నాడు. "ఈమధ్య రాలేకపోయాను. ఏమనుకోకు."

అటుగా జాగింగ్ చేస్తున్న ఒకాయన ఆగి బోర్డు చదివి, "హమ్మయ్య, మళ్ళీ పట్టుకోనిస్తున్నారు!" అని వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకరు. కూతురు మనవాడి వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

ఆ తర్వాత రోజులు గడుస్తున్నకొద్దీ వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. మావయ్య అరచేతి మధ్యలో నలుపు విరిగి, సన్నగా పసుపు కనబడసాగింది. మనవాడు సోమవారం మైనం పట్టించేవాడు. చిక్కేమిటంటే మంగళవారం కూడా వచ్చేవాడు.

"ఇవాళ సోమవారం కాదుగా?" అనేది ఆమె.

"మైనం సరిగ్గా పట్టిందో లేదో చూద్దామని."

"నిన్న కూడా అదే చూశారు."

"నిన్న ఎండగా ఉంది, సరిగ్గా కనబడలేదు."

"ఇవాళ మబ్బు. ఇవాళెలా కనబడుతుంది?"

ఇలా మబ్బుకీ ఎండకీ మధ్య చాలా రోజులు గడిచాయి. ఇద్దరూ మైనం గురించి మాట్లాడుకున్నారు, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. అసలు సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నారు. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన విని విని విసిగిపోయాడు.

"మీ ఇద్దరి వరస చూస్తుంటే నాకు మోకాలికంటే ఎక్కువ నొప్పిగా ఉంది," అన్నాడు ఒకరోజు.

"ఏమైంది నాన్నా?" అంది కూతురు అమాయకంగా.

ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించి మావయ్య వైపు చూశాడు. "ఆ రోజు నన్ను పైకి లాగి గడ్డి మీద కూర్చోబెట్టాడు. నా తల నిమిరాడు. నాకేమో పొగకి ఒకటే దగ్గు. దగ్గు తగ్గాక థాంక్స్ చెబుదామనుకున్నాను. తగ్గి తలెత్తేసరికి ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి చెబుతూనే ఉన్నాను. వినిపించిందో లేదో నాకు తెలీదు." గొంతు సవరించుకున్నాడు. "మీకేం తక్కువ? ఎదురుగా మనిషి ఉంది, మనిషికి చెవులున్నాయి. చెప్పేసుకోండి. నేను ఆ గుర్రం పెద్దమనిషి దాకా వెళ్ళొస్తాను."

"నాన్నా, అంత దూరం ఎప్పుడూ నడవలేదు నువ్వు!"

"ఇవాళ నడుస్తా. మెల్లిగానే నడుస్తా. మీకు తొందరేం లేదు."

కర్ర టకటకలాడించుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు. ఆ మోకాలు వంగుతూ లేస్తూ వెళ్ళడాన్ని ఇద్దరూ కాసేపు చూశారు.

"నాకు మాట్లాడని వాళ్ళతోనే అలవాటండీ," అన్నాడు మనవాడు, చేతిలోని గుడ్డని మెలిపెడుతూ. "అందుకే సరిగ్గా చెప్పడం రాదు. మీరు వచ్చి తిట్టేదాకా ఆ చేతి మీద మచ్చ కనిపించిందే గానీ, దాన్ని పట్టుకున్న మనుషులు కనిపించలేదు. ఇప్పుడు అందరూ కనిపిస్తున్నారు. అందరికంటే ముందు మీరు కనిపిస్తారు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె దూరంగా గుర్రం నీడ దాకా చేరిన తండ్రిని చూసింది. తర్వాత ఇతన్ని చూసింది.

"థాంక్స్," అంది.

మనవాడి మొహం వాడిపోయింది. "అంతేనా?"

"మా ఇంట్లో అంతకంటే పెద్ద మాట లేదండీ," అని, మైనం అంటిన అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది.