ముత్యానికి నూనె తాగించిందెవరు?

ఆదివారం కోమలి ఆఫీసు తెరవదు. తిరుపతి బస్టాండు వెనక సందులో, జిరాక్సు కొట్టు మీద ఉన్న ఆ ఒంటిగది డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చే కేసుల్లో ముప్పాతిక భాగం పెళ్ళి సంబంధాల వాకబులే. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు ముందెవరైనా ఉన్నారా అని గుసగుసలాడి పోయేవాళ్ళు ఎక్కే మెట్లవి. ఆ ఆదివారం మాత్రం నలభై దాటిన ఒకామె ఆ మెట్లు పరుగున ఎక్కి వచ్చింది. పాత కాగితాలు సర్దడానికి వచ్చిన అసిస్టెంటు గోపీ ఆమెను చూసి కంగారుపడి, కుర్చీ చూపించి, కోమలికి ఫోను కొట్టాడు. కోమలి తడి తల తుడుచుకుంటూనే వచ్చేసింది.

"మా గుర్రాన్ని ఎవరో చంపబోయినారు మేడం," అంది ఆమె.

గోపీకి నవ్వు రాబోయింది. ఆమె చూపించిన కుర్చీలో కూడా కూర్చోకపోవడం చూసి దిగమింగుకున్నాడు. కోమలి నవ్వలేదు. గోపీ ఆమెను ఆరాధించడానికి ఉన్న సవాలక్ష కారణాల్లో అదీ ఒకటి. ఎదుటి మనిషి కష్టం ఎంత విడ్డూరంగా ఉన్నా ఆమె మొహంలో ఆ విడ్డూరం కనబడదు.

"మొదట్నించీ చెప్పండమ్మా."

ఆమె పేరు చంద్రిక. నగరి చీరల దుకాణం నడుపుతోంది. కూతురు లోహిత పదో తరగతి. ఆ పిల్ల పట్టుబట్టి కొనిపించుకున్న తెల్ల ఆడ గుర్రం పేరు ముత్యం. పేరూరు దారిలో రాజారత్నం అనే ఆయన నడిపే గుర్రాలశాలలో దాన్ని ఉంచారు. ఇంటి నుంచి నడిచిపోయేంత దగ్గర. కానీ జాగా ఇరుకు, రేకుల కప్పు, ఎండాకాలం ఉడికిపోతుంది, వానాకాలం బురద. కిందటి వానలకు ముత్యం గిట్టలు కుళ్ళు పట్టాయి. ఇంతలో పాకాల దగ్గర మునిచంద్ర అనే ఆయన మామిడితోటలో కొత్త శాల పెట్టాడు. పరుగుబాట ఉంది, గాలి ఉంది, అక్కడే ఉండే డాక్టరు ఉన్నాడు. లేనిదల్లా ఇంటికి దగ్గర కావడమే.

"దూరమా, వసతా అని నెలంతా తన్నుకులాడినాము మేడం. పాకాల పోయి రావాలంటే ఒక పూట పోతుంది. అయినా గుర్రానికి మంచిది కదా అని సరే అనుకున్నాం. మా నాయన అయితే పాకాలే మేలని అందరికన్నా ముందు చెప్పినాడు. ఈపొద్దే బండి రావాల్సింది. తెల్లారి చూస్తే ముత్యం కిందపడి దొర్లుతా ఉండాది."

"పోలీసుల దగ్గరికి పోలేదా?"

"గుర్రానికి కడుపునొప్పి అంటే నవ్వరా? నాకు భయంగా ఉంది మేడం. ఈపొద్దు గుర్రం. రేపు దానిమీద ఎక్కేది నా బిడ్డ." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "గుర్రం పోతా ఉందన్న కడుపుమంటతో రాజారత్నమే చేసినాడని అందరూ అంటున్నారు. తక్కినవాళ్ళు కూడా సాయంత్రంలోగా గుర్రాలు తోలుకుపోతామంటున్నారు. ఆయనే చేసుంటే ఆ శాల మూతపడనీ. చేయకపోయుంటే? ఆయనకు వేరే బతుకు లేదు మేడం."

కోమలి లేచి సంచీ భుజాన వేసుకుంది.

* * *

గుర్రాలశాల ఒక కల్యాణమండపం పక్కనే ఉంది. రేకుల షెడ్డు, చిన్న ఆవరణ, అయిదారు గుర్రాలు. ఇరుకే కాని ఊడ్చి కళ్ళాపి చల్లినట్టు శుభ్రంగా ఉంది. ముత్యం తల వేలాడేసుకుని నిలబడి ఉంది. ఉండుండి దగ్గుతోంది. దాని మెడను వాటేసుకుని లోహిత నిలబడింది. ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడడం లేదు.

పశువుల డాక్టరు చేతులు కడుక్కుంటూ విసుక్కున్నాడు. "కడుపు ఒక దారికొచ్చింది. ముక్కులోంచి గొట్టం వేసి తోడేశాను. దాని తల పట్టుకోవడానికే ఇద్దరు కావలసి వచ్చారు. లోపలంతా అన్నమే. బకెట్టెడు అన్నం ఎవరో నిన్న సాయంత్రం పెట్టారు. అది పులిసి ఉబ్బింది. గుర్రానికి తేన్పు రాదు, కక్కడం చేతకాదు. ప్రాణం పోవాల్సిందే. ఇప్పుడు నా భయం కడుపు గురించి కాదు. ఎవరో తెల్లవారుజామున దీని నోట్లో నూనె పోశారు. సగం ఊపిరితిత్తుల్లోకి పోయింది."

కోమలి ముత్యం గడ్డం కింద వేలితో రాసి వాసన చూసింది. గోపీ కూడా వంగి చూశాడు. నువ్వుల నూనె, ఇంగువ, వాము.

"నూనెలో విషం కలిపినారేమో మేడం!"

"మీ ఇంట్లో కడుపునొప్పి వస్తే మీ అమ్మ ఏమిస్తుంది గోపీ?"

"వాము నీళ్ళు."

కోమలి ఊఁ కొట్టి ముందుకు నడిచింది. గోపీకి ఏమీ అర్థం కాలేదు.

రాజారత్నం షెడ్డు మూల బక్కగా నిలబడి ఉన్నాడు. చర్చిలో ప్రార్థనకు తొడుక్కున్న తెల్లచొక్కా పేడా గడ్డీ అయిపోయింది.

"ఆదివారం తెల్లారే ప్రార్థనకు పోతా మేడం. వచ్చేతలికి ముత్యం దొర్లతా ఉండాది. లేపి నడిపించినా, డాక్టరుకు ఫోను చేసినా. అంతే."

"నూనె పోయలేదా?"

"నేనా?" ఆయన తలెత్తి చూశాడు. "గుర్రాల నడుమ తల నెరిసినోణ్ణి. గుర్రం నోట్లో నూనె పోస్తానా మేడం?"

"గుర్రం వెళ్ళిపోతోందని బాధ లేదా?"

"లేకేం? కానీ నా జాగా ఇరుకని నాకు తెలీదా? మంచి తావుకు పోతా ఉండాది, పోనీమ్మా అని నేనే అంటిని."

"మీరు లేనప్పుడు లోపలికి ఎవరు రాగలరు?"

"గుర్రాలోళ్ళు ఎవురైనా రావచ్చు. తాళం ఉండదు. తెల్లారే వచ్చేది మాత్రం ఆ పాప తాత ఒక్కడే, దేవరాజులు పెద్దాయన. క్యారెట్లు పెట్టి, ఒళ్ళు దువ్వి, దాంతో ఏదో మాట్లాడి పోతాడు. వానొచ్చినా మానడు. ఈపొద్దే రాలేదు. జరమంట."

"నిన్న సాయంత్రం?"

"అందురూ వచ్చినారు. మునిచంద్ర గూడా వచ్చి ముత్యాన్ని సూసుకోని పోయినాడు. పక్క మండపంలో విందు, పాటల మోత. ఎవురు ఏం పెట్టినారో నేను సూడలా."

పాకాల మునిచంద్ర తన బండి పక్కనే ఉన్నాడు. గుర్రాన్ని తోలుకుపోవడానికి వచ్చి ఇరుక్కుపోయానని ఆయన బాధ. కోమలి ఆయన్ని కూడా వదల్లేదు. నిన్న ఎవరెవరు ఏమేం అడిగారో గుర్తుందా అంది.

"చంద్రికమ్మ డాక్టరు గురించి అడిగింది. పాప పరుగుబాట గురించి అడిగింది. ఆ పెద్దాయనే చిత్రంగా బస్సు గురించి అడిగినాడు. యాడ దిగాల, దిగినాక ఎంత నడవాల అని. చాలా దూరం పెద్దాయనా, అయినా ఆదివారం తప్ప బయటివాళ్ళకు గేటు తీయము, రోజూ మనుషులొస్తే గుర్రాలు బెదురుతాయి అని చెప్పినా. సరేనప్పా, అదే మేలు అన్నాడు."

* * *

చంద్రిక ఇంట్లో దేవరాజులు మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. కోమలి పలకరించేలోపే, "ముత్యానికి ఎట్లుండాది?" అని అడిగాడు.

"నిలబడింది. ఇంకా గండం గడవలేదు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోమలి ఇంటి వెనక్కి నడిచింది.

పెరట్లో ఒక పాత పశువుల కొట్టం ఉంది. చంద్రిక తల్లి కుప్పమ్మ ఉన్న రోజుల్లో ఎనిమిది ఆవులు ఉండేవట. ఆమె పోయాక ముసలాయన ఒక్కడూ చూసుకోలేడని కూతురే అమ్మించేసింది. గోడ మేకులకు పలుపులు, మెడగంటలు వేలాడుతున్నాయి. అన్నిటి మీదా దుమ్ము పేరుకుని ఉంది. ఒక్క మేకుకు మాత్రం ఏమీ లేదు. దాని కింద గోడ మీద మూరెడు పొడుగున దుమ్ములేని చార ఉంది.

"ఇక్కణ్ణించి ఏదో తీసినట్టుంది మేడం," అన్నాడు గోపీ.

"మీ నాయన గారిని సాయంత్రం శాలకు తీసుకురండి," అంది కోమలి చంద్రికతో. "జ్వరమైనా సరే."

* * *

పొద్దు వాలుతుండగా అందరూ షెడ్డు కింద చేరారు. చంద్రిక, లోహిత, దేవరాజులు ఒక బెంచీ మీద. మునిచంద్ర, డాక్టరు నిలబడి ఉన్నారు. గుర్రాలు తోలుకుపోవడానికి వచ్చిన ముగ్గురు నలుగురు గేటు దగ్గర. రాజారత్నం మాత్రం ముత్యం పక్కనే నిలబడ్డాడు, అక్కడ తప్ప తనకెక్కడా జాగా లేనట్టు.

కోమలి గొంతు పెంచకుండా మొదలుపెట్టింది. "ఇక్కడ రెండు పనులు జరిగాయి. నిన్న సాయంత్రం ఒకరు ముత్యానికి బకెట్టెడు అన్నం పెట్టారు. ఈ తెల్లవారుజామున ఒకరు నూనె తాగించారు. రెండూ చంపడానికే అని మీరంతా అనుకున్నారు. కానీ ఆ నూనెలో ఇంగువ ఉంది, వాము ఉంది. చంపదలిచినవాళ్ళు వాము వేస్తారా? అది మందు. ఆవు అన్నం ఎక్కువ తిని ఉబ్బితే మన పల్లెల్లో వెదురు గొట్టంతో తాగించే మందు. ఆవు దాంతో తేన్చి తేరుకుంటుంది."

డాక్టరు తలూపాడు. గేటు దగ్గరివాళ్ళు కాస్త దగ్గరికి జరిగారు.

"కడుపులో ఉన్నది అన్నమని డాక్టరు గారు తోడేదాకా పెట్టినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలీదు. అంటే అన్నం పెట్టినవాళ్ళూ, మందు పోసినవాళ్ళూ ఒకరే. వాళ్ళకు కావలసింది ముత్యం చావు కాదు. ఈ పూటకు అది బండి ఎక్కకపోతే చాలు. తర్వాత నూనెతో నయం చేసుకోవచ్చనుకున్నారు. వాళ్ళకు తెలిసింది ఆవు. గుర్రానికి తేన్పు రాదని తెలీదు. అది రాజారత్నానికి తెలుసు, మునిచంద్రకూ తెలుసు. వాళ్ళిద్దరూ చేసే పని కాదిది."

రాజారత్నం కళ్ళు మూసుకున్నాడు.

"ఇక ముత్యం తల పట్టుకోవడానికి డాక్టరు గారికే ఇద్దరు కావలసి వచ్చారు. తెల్లవారుజామున ఒక్కరికే అది నోరు తెరిచింది. అంత చనువున్న మనిషి. మీ పెరటి కొట్టంలో అన్నిటికీ దుమ్ము పట్టింది చంద్రికమ్మా, ఒక్క గొట్టం మాత్రం మేకు మీద లేదు. పాకాల శాల గురించి అందరూ వసతులు అడిగితే, ఒక్కరే బస్సు దిగి ఎంత దూరం నడవాలని అడిగారు. వానకు కూడా మానని మనిషి, ముత్యాన్ని సాగనంపే రోజున రాలేదన్నారు. రాకపోవడం కాదు. వచ్చారు."

దేవరాజులు బెంచీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నేనేనమ్మా. మండపం కాడ మిగిలిన అన్నం పారబోస్తా ఉంటే ఒక బకెట్టు అడిగి తెచ్చినా. రెండు దినాలు బండెక్కకుంటే సాలనుకుంటిని. తెల్లారి వచ్చి సూస్తే సెమటలు కారిపోతా, కడుపు దిక్కు తిరిగి తిరిగి సూస్తా ఉండాది. ఇంటికి పోయి గొట్టం తెచ్చి తాపినా. దగ్గింది. ఆవయితే దగ్గదు. అప్పుడు తెలిసింది నాకు, ఏం చేసినానో."

చంద్రిక తండ్రి వైపు తిరిగింది. "పాకాలే మేలని నువ్వే కదా నాయనా చెప్పినావు?"

"ముత్యానికి ఆడనే మేలు తల్లీ. నేను అబద్ధం చెప్పలా. నాకు ఈడ మేలు. ముసిలోడి మేలు ఎవురికని చెప్పేది? ఆవుల్ని తోలేసినాక, పొద్దున లేస్తే పోయేదానికి నాకు ఇదొక్క జాగానే ఉండాది."

గోపీకి ఆయన మీద జాలి ముంచుకొచ్చింది. కోమలి గొంతులో మాత్రం జాలి లేదు.

"అన్నం పెట్టింది ఇంత ముప్పని తెలియక. నూనె పోసింది భయపడి. కానీ పొద్దున్నించి ఈ మనిషిని అందరూ దొంగను తిట్టినట్టు తిడుతుంటే మీరు దుప్పటి కప్పుకుని పడుకున్నారు చూడండి, అది మాత్రం తెలిసే చేశారు పెద్దాయనా."

ఆయన తల వంచుకున్నాడు. రాజారత్నం వైపు రెండు చేతులూ జోడించబోయాడు. రాజారత్నం మొహం తిప్పుకుని ముత్యానికి నీళ్ళ బకెట్టు పెట్టాడు. గేటు దగ్గరివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, గుర్రాల మాట ఎత్తకుండా వెళ్ళిపోయారు.

అప్పుడు, ఆ రోజంతా పెదవి విప్పని లోహిత తాత ముందుకొచ్చి నిలబడింది.

"నాకు పాకాల ఇష్టం లేదు తాతా. దినామూ సాయంత్రం ముత్యాన్ని చూడకుండా ఉండలేనని ఏడ్చుకున్నా. నువ్వు మంచిదన్నావనే సరే అన్నాను. ఒక్క మాట చెప్పింటే నేను గూడా వద్దనేదాన్ని కదా."

దేవరాజులు నిలబడలేక బెంచీ మీద కూలబడ్డాడు. ఆ పిల్ల మళ్ళీ గుర్రం దగ్గరికి వెళ్ళిపోయింది. అసలు దోషి దొరికితే అందరూ కోమలిని మెచ్చుకుంటారని గోపీ ఎదురుచూశాడు. ఎవరూ ఆమె వైపైనా చూడలేదు. తిరిగి వచ్చే దారిలో ఆమె కాఫీ కూడా వద్దంది.

* * *

ఊపిరితిత్తులు బాగుపడాలంటే ముత్యం ఈ దుమ్ములో ఉండకూడదని, డాక్టరు కళ్ళెదుటే ఉండాలని తేలింది. బుధవారం పాకాల బండి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు దూరమా, వసతా అని ఎవరినీ అడిగే పని లేకపోయింది. చంద్రిక రమ్మంటే కోమలి, గోపీ కూడా వెళ్ళారు.

ముత్యం బండి ఎక్కలేదు. మునిచంద్ర మనుషులిద్దరు పలుపు పట్టి లాగితే, బండికి ఆనించిన చెక్క మీద ఒక కాలు పెట్టి వెనక్కి గుంజుకుంది. లాగినకొద్దీ దగ్గు ఎక్కువైంది. లోహిత బతిమాలింది, ఏడ్చింది. అది కదల్లేదు.

దేవరాజులు గేటు బయట నిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా లోపల అడుగు పెట్టలేదట. రాజారత్నం ఆయన దగ్గరికి వెళ్ళి, మొహం చూడకుండానే అన్నాడు. "రా పెద్దాయనా. నువ్వు చెప్తే తప్ప ఇనదు అది."

ముసలాయన వచ్చాడు. పలుపు ముట్టుకోలేదు. ముత్యం మెడ మీద అరచెయ్యి ఆనించి, దాని చెవిలో ఏదో అని, తనే ముందు చెక్క ఎక్కాడు. అది ఆయన భుజానికి మూతి ఆనించుకుని వెనకే ఎక్కింది. లోపల కట్టేసి, గడ్డి సర్ది, చాలాసేపటికి దిగాడు. తలుపు వేయడానికి మునిచంద్ర మనిషి చెయ్యి చాపితే, ఆయన వాణ్ణి పక్కకు జరిపి గడియ తనే వేశాడు.