ఎడమ పక్కన చోటు

"నేను నీ ఎడమ పక్కనే నిలబడతాను. ఇంక వాదించకు," అంది అమ్మ, పొద్దున్నుంచీ సాగుతున్న గొడవకి అదే ఆఖరి మాటన్నట్టు.

"ఎందుకో చెప్పు మరి."

"ఎందుకేమిటి? ఆ పక్క తలంతా గొరిగేసుకున్నావుగా! ఫోటోలో అలాగే ఉండిపోతుంది. నా భుజమైనా అడ్డం ఉంటుంది."

"నీ భుజం నా మోచేతి దాకా కూడా రాదమ్మా!"

నానమ్మ ఫక్కున నవ్వింది. నాన్న వినబడనట్టు సెలూన్ అద్దం తుడుస్తున్నాడు. ఫోటోగ్రాఫర్ మాత్రం నవ్వు దాచుకోలేక తన పాతకాలపు కెమెరా నల్లగుడ్డ కింద దూరాడు.

ఆ సెలూన్‌లో రెండే కుర్చీలు. నాన్న కుర్చీలో పెద్దమనుషులు కూర్చుంటారు. కూతురి కుర్చీలో జుట్టు ముళ్లలా నిలబెట్టించుకునే సంగీతం కుర్రాళ్లు, ఒళ్లంతా పచ్చబొట్లున్న బైకువాళ్లు. వాళ్లందరికీ ఆమె 'కత్తెరక్క'.

ఈ ఫోటోగ్రాఫర్ మొదటిసారి వచ్చినరోజు ఒకటే వాన. తడిసిన జుట్టు కళ్లమీద పడుతుంటే, కత్తెరక్క అడక్కుండానే కుర్చీలో కూలదోసి మెడకి గుడ్డ కట్టేసింది.

"క్రాఫుకి రాలేదండీ. ఇక్కడివాళ్లని ఫోటోలు తీసుకోవచ్చా అని అడగడానికొచ్చాను."

"ఆ సంగతి మీ జుట్టుకి తెలీదనుకుంటా." కత్తెర అప్పటికే ఆడేసింది. "ఇప్పుడాపితే ఒక పక్కే పొట్టిగా ఉంటుంది. మీ ఇష్టం."

అతను అద్దంలోంచి ఆమె తలవైపు చూశాడు. "మీకు బాగానే ఉందిగా?"

కత్తెర ఒక్క క్షణం ఆగింది.

అతని పద్ధతే వేరు. బటన్ తను నొక్కడు. కెమెరాకున్న పొడుగాటి గొట్టం చివర, నొక్కితే ఫోటో పడే రబ్బరు బుడ్డి ఎదుటివాళ్ల చేతికిస్తాడు. "మీకు మీరు నచ్చినప్పుడు నొక్కండి," అంటాడు. బైకువాళ్లు నొక్కారు. వీధి ఊడ్చే ఆవిడ చీపురు ఒళ్లో పెట్టుకుని, దర్జాగా నొక్కింది. కత్తెరక్క మాత్రం ఎన్నిసార్లు కూర్చున్నా, నవ్వేసి బుడ్డి వెనక్కిచ్చేసేది.

అతను తీసిన నాన్న ఫోటో సెలూన్ గోడకెక్కిన రోజు ఆమె మర్చిపోలేదు. ఆ అద్దంలో ఇన్నేళ్లూ అందరూ తమ మొహాలే చూసుకున్నారు. వెనక నిలబడ్డ నాన్నని చూసినవాళ్లు లేరు. "నేనిలా ఉంటానా!" అంటూ ఆయన ఫోటో ముందునుంచి కదల్లేదు. పక్కనే ముళ్లజుట్టు కుర్రాడి ఫోటో. ఆమె చేతుల కింద, తల్లి తలంటుతుంటే నిద్రపోయే పసివాడిలా కళ్లు మూసుకున్నాడు. అది చూశాకే అమ్మ ఆ పిల్లలకి టీ పెట్టివ్వడం మొదలెట్టింది.

ఆ సాయంత్రం అతనికి థాంక్స్ చెబుదామనుకుంది. ఈలోగా అతనే మాట్లాడాడు.

"మీకిష్టమైతే పెళ్లి చేసుకుందాం. తొందరేం లేదు. మీకనిపించినప్పుడే చెప్పండి."

అదీ రబ్బరు బుడ్డి ఇచ్చినట్టే ఇచ్చాడు మహానుభావుడు! కానీ ఈ ఇంటిల్లిపాది ఫోటోతో ఇక్కడ అతని పని ఆఖరు. రేపు సామాను సర్దుకుని వేరే ఊరు వెళ్లిపోతాడు.

"బుడ్డి నాకియ్యి అబ్బాయ్, నేను నొక్కుతా," అంది నానమ్మ.

"ఈసారికి నాకివ్వవే నానమ్మా," అంటూ కత్తెరక్క అందుకుంది. "అమ్మా, కాస్త అటు జరుగు."

"మళ్లీ మొదలెట్టావూ?"

"ఆ చోటు కావాలి." అని కెమెరావైపు తిరిగింది. "మీరు రండి."

నల్లగుడ్డ కిందనుంచి తల బయటికొచ్చింది. "ఇది మీ ఇంట్లోవాళ్ల ఫోటో కదండీ?"

"అందుకే రమ్మంటున్నాను."

అతను వచ్చి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు పాపం. ఆమె ఎవరివైపూ చూడకుండా, మామూలు మాట చెప్పినట్టు మెల్లగా అంది. "ఈయన్ని పెళ్లి చేసుకుంటాను. ఈయనడిగి చాలారోజులైంది. నేనే ఇప్పుడు చెబుతున్నాను."

నాన్న జేబులోంచి దువ్వెన తీసి, అతని జుట్టు శ్రద్ధగా సర్ది, వెళ్లి తన చోట్లో నిలబడ్డాడు. నానమ్మ కళ్లొత్తుకుంది.

అమ్మ గోడమీది నాన్న ఫోటో వంక చూసింది. అతని భుజం వంకా, కూతురి చెవి పైన గొరిగిన చోటు వంకా చూసింది.

"ఇంకాస్త దగ్గరగా నిలబడు బాబూ," అంది. "ఆ, అలా. ఇప్పుడు కనబడదు."

కత్తెరక్క నొక్కేసింది.